రెండడుగుల తేడా

పిచ్చుక అన్నది ఆఫీసులో పెట్టిన పేరు. మనిషి పిట్టంత ఉంటుంది, వేళ్లు కీబోర్డు మీద గింజలు ఏరుకుంటున్నట్టు టకటకా పడతాయి. చేరిన వారంలోనే ఎవరో ఆ మాటన్నారు, అది జిగురులా అతుక్కుపోయింది. చివరికి ఇంట్లో అక్క కూడా "పిచ్చుకా, అన్నం చల్లారిపోతోంది" అని పిలవడం మొదలుపెట్టింది.

కంపెనీ పెద్దదేమీ కాదు. మూడంతస్తుల భవనంలో మధ్య అంతస్తు, నలభై మంది మనుషులు, ఎప్పుడూ నీళ్లు కారే ఒక ఏసీ, దాని కింద ఒక ప్లాస్టిక్ బకెట్టు. పని మాత్రం చిన్నది కాదు. ఊరికి ఎగువన ఉన్న జలాశయంలో నీరు ఎంత ఎత్తున ఉందో క్షణక్షణం కనిపెట్టి, పది గేట్లలో దేన్ని ఎప్పుడు ఎత్తాలో నిర్ణయించే ప్రోగ్రాం వాళ్లది. నిర్ణయించడమే కాదు, మోటార్లు తిప్పి ఎత్తేది కూడా అదే. ఆ గేట్ల కింద నది. నది ఒడ్డున దిగువ పేట. ఆ పేటలో నాలుగు వేల గడప.

శిక్షణ ముగిసిన రోజు మేనేజరు ఆమెను తన గాజు గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాడు. ఎవరి పిల్లలకి జ్వరమొచ్చినా పేరుపేరునా అడిగే మనిషి. ఆయనా ఒకప్పుడు ప్రోగ్రాంలు రాసినవాడే.

"రెండు దారులున్నాయమ్మా," అన్నాడు. "ఒకటి, మేస్త్రిగారి పక్కన కూర్చుని పాత భాష నేర్చుకోవడం. రెండోది, కొత్త టీములో చేరి ఆ పాత ప్రోగ్రాం మొత్తాన్ని కొత్త భాషలోకి తిరగరాయడం. తొందరేం లేదు, వారం ఆలోచించుకో. మొదట పట్టుకున్న పనే పదేళ్లు నిన్ను లాక్కుపోతుంది."

మేస్త్రి అని వాళ్లు పిలిచేది ఇరవై రెండేళ్లుగా ఆ ప్రోగ్రాంను కంటికి రెప్పలా కాస్తున్న పెద్దమనిషిని. గోడకి ఇటుక పేర్చినట్టు ఒక్కో లైనూ పేర్చి, కుర్చీ వెనక్కి జరిపి, ఒక కన్ను మూసి వంకరుందేమో చూసుకునేవాడు. ఆయన రాసే భాషను ఇప్పుడు ఏ కాలేజీలోనూ చెప్పరు.

ఆ వారం పిచ్చుక అడగని మనిషి లేడు. కాలేజీ స్నేహితురాలు ఫోన్లో కేకే వేసింది. "పాత భాషా? శవానికి జడ వేసినట్టుంటుందే! కొత్తది నేర్చుకో, రెండేళ్లలో కంపెనీలే నీ వెంటపడతాయి."

బావ వ్యాన్లు బాగుచేసే మెకానిక్కు. ఆయన లెక్క వేరు. "నన్నడిగితే పాతదే నయం. కొత్త బండ్లకి సందుకో మెకానిక్కు. పాత ఇంజను విప్పి మళ్లీ బిగించగలిగేవాణ్ని ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వస్తారు."

"మీ కోసం ఎవరెవరు వెతుక్కుంటూ వస్తున్నారో పొద్దుట్నుంచీ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నా," అంది అక్క.

చివరికి మేస్త్రినే అడిగింది. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "భాషదేముంది అమ్మాయ్, ఆర్నెల్లలో ఏదైనా వస్తుంది. నువ్వు ఎవరి తప్పులకి కాపలా కాయాలో ఎంచుకుంటున్నావు. నా తప్పులకా, రేపు నువ్వు చెయ్యబోయేవాటికా. అంతే తేడా."

ఆ మాట ఆమెకు నచ్చలేదు. అయినా బావ మాట చెవిలో ఉండి, ముందు పాతదే చూద్దామని వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. మేస్త్రి తన బల్ల దగ్గర ఆమె కోసం ఒక కుర్చీ వేయించాడు. పది రోజులు ఒక్క లైను కూడా రాయనివ్వలేదు. ప్రోగ్రాంను కాగితాల మీద అచ్చువేసి ఇచ్చి, చదవమన్నాడు. ఇది ఎందుకుందో చెప్పు, ఇది తీసేస్తే ఏమవుతుందో చెప్పు. ఆమెకు నిద్రొచ్చేది. అదే సమయంలో గదికి అటువైపు కొత్త టీము వాళ్లు పెద్ద తెల్లబోర్డు మీద రంగురంగుల పెన్నులతో గీతలు గీస్తూ గట్టిగా నవ్వుకునేవారు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా?

పదకొండో రోజు మేనేజరుకు రెండు వాక్యాల ఉత్తరం పంపింది. మేస్త్రికి ముఖాముఖీ చెప్పలేదు. చెప్పాలని అటు రెండుసార్లు వెళ్లి, మంచినీళ్లు తాగి తిరిగొచ్చింది. ఆయనకు మేనేజరే చెప్పి ఉంటాడు. మధ్యాహ్నం చూసేసరికి ఆ రెండో కుర్చీ గోడ పక్కకి వెళ్లిపోయింది. ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అప్పటి నుంచి ఆ బల్ల పక్కగా పోవాల్సి వస్తే పిచ్చుక ఫోన్లో ఏదో చూసుకుంటున్నట్టు తల వంచుకుని నడిచేది.

కొత్త టీములో ఆమెకు రెక్కలొచ్చాయి. ఏడాదిన్నర పని. పాత ప్రోగ్రాంలోని ఒక్కో భాగాన్నీ చదవడం, కొత్త భాషలో శుభ్రంగా తిరగరాయడం, గడిచిన మూడేళ్ల నీటిమట్టాల లెక్కలు రెండింటికీ ఇచ్చి, రెండూ ఒకే జవాబు చెబుతున్నాయా అని పోల్చి చూడడం. సరిపోతే తెర మీద ఆకుపచ్చ గీత. నెల గడిచేకొద్దీ తెర పొలంలా పచ్చబడింది. ఇంకో రెణ్నెల్లలో పని పూర్తవుతుందనగా మేస్త్రిని పంపించేశారు. పాత భాష లేనప్పుడు పాత మనిషెందుకని ఎవరూ నోరు విప్పి అనలేదు. కేకు కోశారు, ఫొటో తీశారు. వెళ్లేముందు ఆయన పిచ్చుక బల్ల దగ్గర ఆగి ఒక చీటీ పెట్టాడు. దాని మీద ఫోన్ నంబరు.

"అర్థం కాకపోతే చెయ్యి," అన్నాడు. మెట్ల దాకా పోయి వెనక్కి తిరిగి, "అర్థమైందనిపించినా చెయ్యి," అన్నాడు.

సరిగ్గా మూడు వారాల తర్వాత ఆమెకు ఆ లైను తగిలింది. నీటిమట్టం ఎనభై అడుగులు దాటితే, వచ్చిన అంకెకు రెండు కలుపు. పక్కన మేస్త్రి రాసుకున్న రెండే రెండు మాటలు: పైదానికి. ముట్టుకోవద్దు.

పైదేమిటి? రెండెందుకు? పిచ్చుక చీటీ తీసింది. నంబరు నొక్కింది కూడా. చివరి అంకె దగ్గర వేలు ఆగిపోయింది. ఏమని మొదలుపెట్టాలి? మీ కుర్చీలోంచి లేచి వెళ్లిపోయిన దాన్ని, మీ ఉద్యోగం ఊడగొట్టిన పనిలో నాకో సందేహం వచ్చింది, కాస్త తీర్చండి అనాలా? చీటీ మళ్లీ సొరుగులో పెట్టేసింది. ఆ లైను తీసి చూసింది. మూడేళ్ల లెక్కలూ నడిపింది. అంతా ఆకుపచ్చే. ఉన్నా లేకున్నా ఒకటే అయిన లైను ఎందుకు? ఎప్పటిదో చాదస్తం అనుకుంది. మార్పుల చిట్టాలో తన పేరు, తేదీ పడ్డాయి, ఆ పక్కన "అనవసరమైన లైను తొలగించాను" అని రాసింది.

మూడేళ్లుగా వానలు సరిగ్గా లేవు. ఆ మూడేళ్లలో నీరు ఒక్కసారి కూడా ఎనభై అడుగులు దాటలేదు. ఈ సంగతి ఆమె బల్ల మీద, ఆ లెక్కల్లోనే ఉంది. దాన్ని ఆ కంటితో చూడాలని ఎవరికీ తోచలేదు.

కొత్త ప్రోగ్రాం పనిలోకి దిగింది. పిచ్చుకను టీముకు లీడరును చేశారు. ఒక పెద్ద సభలో మాట్లాడింది కూడా, పాత ప్రోగ్రాంలను కొత్త భాషలోకి ఎలా మార్చాలి అని. చప్పట్లు కొట్టారు. స్నేహితురాలు "చెప్పానా?" అని ఫోన్ చేసింది.

ఆ ఏడు వాన ముందే వచ్చింది. మొదట అందరూ సంతోషించారు. రెండో వారానికి సంతోషం తగ్గింది. మూడో వారం ఆఫీసు కిటికీలోంచి చూస్తే ఎదురు భవనం కనిపించడం లేదు. ఆరేసిన బట్టలు ఆరడం లేదు, గోడలకు చెమ్మ ఎక్కి రంగు పెచ్చులుగా ఊడుతోంది. వీధిలో మనుషులు మాట్లాడుకునేటప్పుడు కూడా వాన చప్పుడుకి ఎదురు గొంతెత్తి అరవాల్సి వస్తోంది. పిచ్చుక మాత్రం తెర చూసి ధైర్యంగా ఉండేది. డెబ్బై ఎనిమిది. డెబ్బై తొమ్మిది. ఎనభై. అంకె ఎనభై దగ్గర చాలాసేపు ఆగినట్టనిపించింది. వాన తగ్గిందేమో అనుకుంది. కిటికీలోంచి చూస్తే తగ్గలేదు.

గురువారం ఉదయం, వినియోగదారుల ఫిర్యాదుల జాబితా తిరగేస్తుంటే ఒకటి కనపడింది. నాలుగు రోజుల కిందటిది. ఫిర్యాదు చేసింది గేట్ల దగ్గర పనిచేసే లస్కరు. ఇరవై ఏళ్లుగా రోజూ ఉదయం గట్టు మీద నడిచి, ఆనకట్ట గోడ మీద రంగుతో గీసిన అడుగుల గుర్తులు చూసి పుస్తకంలో రాసుకునే మనిషి. "గోడ మీద ఎనభై మూడు ఉంది. తెర ఎనభై ఒకటి అంటోంది. ఏది నమ్మాలి?" దాని కింద ఫిర్యాదుల విభాగం వాళ్ల జవాబు: "గోడ మీద రంగు వెలిసి ఉండవచ్చు. తెరనే నమ్మండి." ఫిర్యాదు మూసేశారు.

ఎనభై మూడు, ఎనభై ఒకటి.

పిచ్చుక జాబితా పక్కకి జరిపి తెర చూసింది. ఎనభై నాలుగుంపావు. ఎనభై అయిదుకి ఒకటో గేటు లేవాలి, ఆ తర్వాత ప్రతి అరడుగుకీ ఒకటి చొప్పున. ఒక్కటీ లేవలేదు. సొరుగు లాగింది. చీటీ అక్కడే ఉంది.

మొదటి మోతకే ఎత్తాడు మేస్త్రి. "ఆ, చెప్పమ్మాయ్." ఆమె నంబరు ఆయన దగ్గర ఉందన్నమాట.

"మేస్త్రిగారూ, ఎనభై దాటితే రెండు కలపడం... అదెందుకు?"

అవతల టీవీ ఏదో మోగుతోంది. ఆ చప్పుడు ఆగిపోయింది. "తీసేశావా?"

"తీసేశాను."

"నీటిమట్టం కొలిచే పెట్టెలు రెండున్నాయి," అన్నాడు మెల్లగా, పది రోజుల పాఠం పదకొండో రోజు కొనసాగిస్తున్నట్టు. "ఎనభై దాకా కిందిది కొలుస్తుంది. ఆ పైన పైది. పైది బిగించే చోట ఇనప దూలం అడ్డమొచ్చింది. దాన్ని తియ్యలేక రెండడుగులు పైకి బిగించారు. దాంతో అది ఎప్పుడూ రెండడుగులు తక్కువ చెబుతుంది. ఆ రెండూ నేను ప్రోగ్రాంలో కలిపాను."

"అదే మాట పక్కన రాయొచ్చుగా?" ఆమె గొంతు కీచుమంది.

"రాయొచ్చు," అన్నాడు. "వినమ్మాయ్. ఇప్పుడు తొందరపడి ఆ లైను తిరిగి పెట్టెయ్యకు. పెట్టిన క్షణాన అది నీళ్లు రెండడుగులు పెరిగాయనుకుంటుంది. ఎత్తాల్సిన గేట్లన్నీ ఒకేసారి ఎత్తేస్తుంది. కింద ఎవరుంటారో, ఏమో. ముందు మనుషులకి చెప్పు. సైరన్ వెయ్యించు. ఒక్కో గేటూ చేత్తో ఎత్తించు. ఆ తర్వాతే లైను."

ఆమె పరుగున గాజు గదిలోకి వెళ్లింది. మేనేజరు ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకుని ఉన్నాడు. మధ్యాహ్నం రెండు గంటలకి ఇంకో జలాశయం వాళ్లు వస్తున్నారు, ఇదే ప్రోగ్రాం చూసి తమకూ కావాలో వద్దో చెప్పడానికి. ఆమె చెప్పిందంతా నిలబడే విన్నాడు.

"ఈ విషయం ఇవాళే తేలాలా?" అన్నాడు. మళ్లీ తనే, "ఆ లైను పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఒక్క నిమిషం సార్. కానీ పెట్టకూడదు." మేస్త్రి చెప్పింది అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. మేనేజరు చేత కూడా ఒకసారి చెప్పించుకుంది, చిన్నపిల్లాడి చేత ఎక్కం చెప్పించినట్టు.

"సరే, నాకర్థమైంది. నువ్వు అక్కడి ఇంజనీరుతో మాట్లాడు. నువ్వు ఫోన్ చేసేదాకా ఇక్కడ ఎవరూ ఏదీ ముట్టుకోరు. నాదీ పూచీ."

ఇంజనీరు ఫోన్లో ఒప్పుకోలేదు. "ఎవరో ఫోన్ చేసి గేట్లెత్తమంటే ఎత్తడానికి ఇదేమన్నా ఇంటి తలుపా మేడమ్? వచ్చి చూపించండి."

బావ పది నిమిషాల్లో వ్యాను తెచ్చాడు. ఏమిటి, ఎందుకు అని అడగలేదు. ఆమె ముఖం చూసి తలుపు తెరిచాడు, అంతే. గంటన్నర దారి. అద్దం మీద తుడిచే పుల్లలు తుడుస్తూనే ఉన్నాయి, వాన కడుగుతూనే ఉంది. రోడ్డు నది ఒడ్డునే పోతుంది. నది ఇంకా పలచగానే ఉంది, అదే ఆమెను భయపెట్టింది. ఇంత వానకి ఆ నది అంత పలచగా ఉండకూడదు. ఆ నీళ్లన్నీ పైన ఎక్కడో ఆగి ఉన్నాయి. మధ్యలో ఇసుక మేట మీద ఇద్దరు మనుషులు పడవలోకి ఇసుక ఎత్తుతున్నారు, నెత్తిన గోనె సంచులు కప్పుకుని.

"బావా, హారన్ కొట్టు. వాళ్లని బయటికి రమ్మను."

బావ వ్యాను ఆపి నాలుగైదుసార్లు కొట్టాడు. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపి అరిచింది. వాళ్లలో ఒకడు తలెత్తి చూశాడు. ఎవరో తెలిసినవాళ్లు పలకరిస్తున్నారనుకున్నాడేమో, తనూ చెయ్యి ఊపాడు. మళ్లీ పనిలో వంగాడు.

"దిగి వెళ్లి చెప్పనా?" అన్నాడు బావ.

గట్టు దిగి, మోకాలి లోతు నీళ్లు దాటి అక్కడిదాకా పోయి రావడానికి పావుగంట. ఆమె గడియారం చూసుకుంది. "పైకి పోతే సైరన్ వేయిస్తాంగా బావా, అప్పుడు వింటారు. పద." ఆ తర్వాత ఎన్ని నెలలైనా ఆ "పద" అన్న మాట ఆమె నోట్లోంచి పోలేదు.

ఆనకట్ట మీద లస్కరు గొడుగు కూడా లేకుండా నిలబడి ఉన్నాడు. ఎవరో వస్తారని నాలుగు రోజులుగా చూస్తున్న మనిషిలా ఉన్నాడు. "రండమ్మా, మీరే చూడండి," అని పిట్టగోడ దగ్గరికి తీసుకెళ్లాడు. కింద నల్లటి నీరు గోడను మెల్లగా నాకుతోంది. రంగు ఏమీ వెలవలేదు. ఎనభై ఏడు అంకె సగం మునిగి, సగం తేలి ఉంది.

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు," అన్నాడు లస్కరు. "నిజం నాకూ తెలుసమ్మా. చెబితే ఫిర్యాదు మూసేశాం అన్నారు."

ఇంజనీరు గదిలో తెర ఎనభై అయిదుకి ఒక వెంట్రుక తక్కువ చూపిస్తోంది. ఆయన తెర చూశాడు, కిటికీలోంచి గోడ చూశాడు, మళ్లీ తెర చూశాడు. ఇక వాదించలేదు. "ముందు సైరన్. అరగంట ఆగి ఒకటో గేటు, ఒక్క అడుగు," అన్నాడు. లస్కరు సైరన్ గదికి బయల్దేరాడు.

అతను వంతెన మీద సగం దూరం పోయాడో లేదో, కాళ్ల కింద సిమెంటు సన్నగా వణికింది. మొదట పిచ్చుక ఉరుమనుకుంది. తర్వాత తెర చూసింది. అంకె ఎనభై అయిదు నుంచి ఎనభై ఏడుకి ఒక్క గెంతు గెంతింది. దాని కింద అయిదు దీపాలు, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, వరసగా వెలిగాయి.

"కరెంటు తీసెయ్యండి!" అని అరిచింది. "గేట్లు లేస్తున్నాయి, కరెంటు తీసెయ్యండి!"

మెయిన్ పిడి వంతెన అవతలి చివర గదిలో ఉంది. లస్కరు పరుగెత్తాడు. యాభై అయిదేళ్ల మనిషి, తడి చెప్పులు జారితే విసిరేసి వట్టికాళ్లతో పరుగెత్తాడు. పిడి చెమ్మకి బిగుసుకుపోయింది. రెండు చేతులా పట్టుకుని వేలాడాడు. ఇంజనీరు వెనకాలే వెళ్లి తనూ వేలాడాడు. మోటార్ల మూలుగు ఆగేసరికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో అయిదు గేట్లూ నడుమెత్తు లేచి, అక్కడే ఆగిపోయాయి. వాటి కిందుగా పోతున్నది నీళ్లలా లేదు. గోడే కరిగి పోతున్నట్టుంది. ఆ చప్పుడులో పక్కనున్న మనిషి నోరు కదలడం కనిపిస్తుంది, మాట వినపడదు.

కరెంటుతో పాటు సైరనూ చచ్చింది. చేత్తో తిప్పేది ఒకటుంది. పిచ్చుక దాని పిడి పట్టుకుని తిప్పింది. మొదట మూలిగింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత లోయంతా నిండేలా అరిచింది. బావ వచ్చి "ఇటివ్వు" అన్నా ఇవ్వలేదు. అరచేతులు చిట్లి రక్తం వచ్చినా తిప్పుతూనే ఉంది.

దిగువ పేట ఆరు మైళ్ల కింద ఉంది. వాళ్లకి సైరన్ అందింది. చంకన పిల్లల్ని, చేత మూటల్ని పట్టుకుని ఎత్తు మీదికి ఎక్కారు. మోకాళ్ల లోతు నీళ్లు ఇళ్లలోకొచ్చి, సాయంత్రానికి బురద వదిలి పోయాయి. మైలు దూరంలో ఇసుక మేట మీద ఉన్నవాళ్లకి మాత్రం సైరన్, నీళ్లు ఒకేసారి వెళ్లాయి. పడవ మర్నాడు దొరికింది. మనుషులు మూడో రోజున.

ఆనకట్ట మీది నుంచే ఆమె మేనేజరుకు ఫోన్ చేసింది.

"లైను ఎవరు పెట్టారు సార్?"

"నేనే పెట్టానమ్మా." ఆయన గొంతులో ఇంకా ఒక రకం తృప్తి ఉంది. "వాళ్లు అనుకున్నదానికంటే ముందే వచ్చేశారు. తెర మీద తప్పు అంకెతో చూపించలేను కదా. గేట్లు ఒకట్రెండు లేస్తే లేస్తాయి, అదీ మంచిదేగా అనుకున్నాను. సరిచేశాను. అక్కడంతా బాగానే ఉందా?"

ఆమె ఫోను నది వైపు పట్టుకుంది. ఆయన ఎంతసేపు విన్నాడో తెలియదు.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. కంపెనీ "సాంకేతిక లోపం" అని ప్రకటన ఇచ్చింది. పిచ్చుక రాజీనామా ఇచ్చింది. ఆరు చోట్ల ఇంటర్వ్యూలకి వెళ్లింది. అన్నిచోట్లా ముందు ఆమె పని చూసి ముచ్చటపడేవారు. పాత ఉద్యోగం ఎందుకు మానేశారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేది. అక్కడితో వాళ్ల పెన్ను ఆగిపోయేది. "ఆ ముక్క మింగేస్తే ఏం పోయిందే?" అని స్నేహితురాలు తిట్టింది. ఏడో చోట తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో వాళ్లూ చెప్పలేదు, ఆమే అడగలేదు.

విచారణ ఎనిమిది నెలలకి మొదలైంది. ఆమె వెళ్లిన రోజున మేనేజరు వాంగ్మూలం ముందే అయిపోయింది. మార్పుల చిట్టాలో ఆమె పేరూ తేదీ చూపించాడట. అది నిజమే కదా, చూపించడంలో తప్పేముంది? మేస్త్రి కూడా వచ్చాడు. లోపలికి వెళ్లి వచ్చి, వరండాలో ఆమెకు ఎదురుపడి ఆగాడు. చిక్కిపోయాడు.

"కారణం ఎందుకు రాయలేదని అడిగారు," అన్నాడు. "మరిచిపోయాను అందామనుకున్నా. నోరు రాలేదు. ఎవరికీ అర్థం కాకపోతే ఎప్పటికైనా నన్నే అడగాల్సి వస్తుందని రాయలేదమ్మాయ్. అదే చెప్పాను." కళ్లజోడు సర్దుకుని మెట్లు దిగిపోయాడు.

పిచ్చుక బల్ల మీద కూర్చుంది. పక్కన ఒకావిడ ఉంది, ముప్పై ఏళ్లుంటాయి, ఒళ్లో కాగితాల సంచి. కాసేపటికి ఆవిడే అడిగింది, "మీరూ మనిషిని పోగొట్టుకున్నారా అమ్మా?"

"లేదండీ." పిచ్చుక ఆవిడ వైపు తిరిగింది. "నేను ఆ కంపెనీలో పనిచేసేదాన్ని. ఆ ప్రోగ్రాం రాసిన వాళ్లలో ఒకదాన్ని."

ఆవిడ లేచిపోతుందనుకుంది. లేవలేదు. తిట్టలేదు. సంచి ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "మా ఆయన ఇసుక పడవ," అంది. "నది సంగతి ఆయనకి తెలియంది కాదు. నీళ్లు ఎప్పుడు ఎలా వస్తాయో వాసన పట్టి చెప్పేవాడు. ఆ రోజు అంత తొందరగా ఎలా వచ్చాయి? ఎనిమిది నెలలుగా అడుగుతున్నా. లోపం అంటారు, సాంకేతికం అంటారు. ఆ మాటలు నాకెందుకు? ఏం జరిగిందో చెప్పేవాళ్లు లేరు."

పిచ్చుక చెప్పింది. రెండు కొలత పెట్టెల గురించి, దూలం గురించి, రెండడుగుల గురించి. తను తీసేసిన లైను గురించి, చెయ్యని ఫోను గురించి. వ్యాను ఆపి హారన్ కొట్టిన సంగతి చెప్పేటప్పుడు ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది.

"ఆయన చూశాడా మిమ్మల్ని?"

"ఇద్దరిలో ఒకరు చూశారు. చెయ్యి ఊపారు."

లోపలి నుంచి బంట్రోతు వచ్చి పిచ్చుక పేరు పిలిచాడు, అసలు పేరు. ఆమె లేచింది.

ఆవిడ ఆమె కొంగు పట్టుకుంది, గట్టిగా కాదు. "వచ్చాక మళ్లీ చెప్పండి," అంది. "మొదట్నుంచి. నేనిక్కడే ఉంటాను."